చమురు, సహజవాయువు లీజుల గడువు – భూగర్భ సంపద యజమాని హక్కులు: ఒక విశ్లేషణ

విజయవాడ: నేల అడుగున ఉన్న చమురు, సహజవాయువులకు యజమాని ఎవరు? వాటిని వెలికితీసే సంస్థకు ఇచ్చిన లీజు గడువు ముగిసిన నాడు ఆ యజమానికి తిరిగి దక్కేది ఏమిటి? కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఉత్పత్తి జరుగుతున్న ఆంధ్రప్రదేశ్‌కు ఈ రెండు ప్రశ్నలు న్యాయశాస్త్ర చర్చకు మాత్రమే పరిమితమైనవి కావు. రాష్ట్ర ఖజానాకు చేరే రాయల్టీ, బావుల చుట్టూ ఉన్న గ్రామాల భద్రత, ఉత్పత్తి నిలిచిన తరువాత ఆ నేల పునరుద్ధరణ అనే మూడు అంశాలూ వీటితో ముడిపడి ఉన్నాయి. కోనసీమ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న రవ్వ క్షేత్రం ఒప్పందం పొడిగించిన గడువు 2029 అక్టోబరులో ముగియవలసి ఉన్నది. మరోవైపు, దేశంలో లీజుల చట్రాన్నే మార్చివేసిన సవరణ చట్టం 2025లో అమలులోకి వచ్చింది. ఈ నేపథ్యంలో లీజు గడువు అనే అంశాన్ని సమగ్రంగా పరిశీలించవలసిన అవసరం ఉన్నది.

అమెరికా విధానం: భూమి ఒకరిది, ఖనిజం మరొకరిది

భూగర్భ చమురుకు ప్రైవేటు వ్యక్తులు విస్తృతంగా యజమానులుగా ఉన్న ప్రధాన దేశం అమెరికా. అక్కడ భూమి ఉపరితలంపై హక్కును, అడుగున ఉన్న ఖనిజంపై హక్కును వేరు చేసి, విడివిడిగా విక్రయించవచ్చు, వారసత్వంగా పంచవచ్చు. టెక్సాస్ రాష్ట్రంలో ఇల్లు కొనుగోలు చేసిన తెలుగు కుటుంబాలకు కూడా, ఖనిజ హక్కులను పూర్వపు యజమానులు తమవద్దనే ఉంచుకున్నారన్న వాక్యం దస్తావేజులో ఎదురుకావడం అరుదు కాదు.

ఖనిజ హక్కు గల వ్యక్తి చమురు సంస్థకు లీజు ఇచ్చినప్పుడు మూడు విధాల ప్రతిఫలం ఉంటుంది. సంతకం నాడు ఎకరానికి ఇంత చొప్పున ముట్టే సొమ్ము మొదటిది. దీనిని బోనస్ అంటారు. బావి తవ్వకం ఆలస్యమైన కాలానికి చెల్లించే అద్దె రెండవది. ఉత్పత్తి ప్రారంభమైన తరువాత అందులో వాటాగా లభించే రాయల్టీ మూడవది. ఈ రాయల్టీ పూర్వం సాధారణంగా ఎనిమిదవ వంతు ఉండేది. పోటీ అధికంగా ఉన్న ప్రాంతాలలో ఇది నాలుగవ వంతు వరకు కూడా పెరిగింది.

లీజు గడువు రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది ప్రాథమిక గడువు. ఇది సాధారణంగా 3 నుంచి 5 సంవత్సరాలు. ఈ కాలంలో సంస్థ బావి తవ్వి ఉత్పత్తి సాధించకపోతే, లీజు దానంతట అదే రద్దవుతుంది. యజమాని నోటీసు ఇవ్వనవసరం లేదు. హక్కు అతనికి తిరిగి వస్తుంది, మరొక సంస్థకు కొత్త బోనస్‌తో మళ్లీ లీజుకు ఇచ్చుకోవచ్చు. ఉత్పత్తి సాధించినట్లయితే రెండవ దశ మొదలవుతుంది. దానికి తేదీ ఉండదు. గిట్టుబాటు పరిమాణంలో చమురు లేదా గ్యాస్ వస్తున్నంత కాలం లీజు కొనసాగుతుంది. గోదావరి డెల్టా రైతుకు అర్థమయ్యే మాటలలో చెప్పాలంటే, చేనుమీద పంట ఉన్నంత కాలం కౌలుదారు కదలనవసరం లేని ఏర్పాటు ఇది. తేడా ఏమంటే, ఇక్కడ పంట ముప్పై, నలభై ఏళ్లు కూడా నిలవవచ్చు.

గిట్టుబాటు అంటే ఏమిటి?

సహజంగానే వివాదాలన్నీ గిట్టుబాటు అన్న పదం చుట్టూనే తిరుగుతున్నాయి. వివేకవంతుడైన నిర్వాహకుడు కేవలం లీజును అట్టిపెట్టుకొనే ఉద్దేశంతో కాక, లాభాపేక్షతోనే ఆ బావిని నడిపేవాడా అన్నది ప్రమాణమని టెక్సాస్ సుప్రీంకోర్టు 1959లో నిర్దేశించింది. ఒక్క బావితో వందలాది ఎకరాల లీజును పట్టి ఉంచే పద్ధతిని అరికట్టేందుకు యజమానులు ప్యూ క్లాజు అనే షరతును లీజులలో చేర్చుకోవడం ఆరంభించారు. ఉత్పత్తి జరుగుతున్న యూనిట్ మేరకే లీజు నిలుస్తుందని, మిగిలిన విస్తీర్ణం ప్రాథమిక గడువుతోనే యజమానికి తిరిగి చేరుతుందని దీని సారాంశం.

గడువు ఎంతటి ఒత్తిడిని సృష్టిస్తుందో లూసియానా, టెక్సాస్ రాష్ట్రాలలోని హేన్స్‌విల్ షేల్ ప్రాంతం నిరూపించింది. 2008 జూలైలో పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లకు 13 డాలర్లు పలికిన గ్యాస్ ధర 2012 ఏప్రిల్ నాటికి 2 డాలర్ల దిగువకు పడిపోయింది. ధర పడిపోతున్న కాలంలోనూ సంస్థలు బావులు తవ్వుతూనే వచ్చాయి. భారీ బోనస్‌లు చెల్లించి తీసుకున్న లీజులు గడువు తీరి చేజారిపోతాయన్న భయమే ఇందుకు ప్రధాన కారణం. తత్ఫలితంగా మార్కెట్‌లో గ్యాస్ మరింత పేరుకొని ధర ఇంకా పడిపోయింది.

న్యూయార్క్ రాష్ట్రంలో ఇందుకు భిన్నమైన పరిస్థితి తలెత్తింది. 2008 నుంచి అక్కడి ప్రభుత్వం షేల్ తవ్వకాలకు అనుమతులు నిలిపివేసింది. ప్రభుత్వ చర్య తమ చేతిలో లేనిది కనుక లీజు గడువు పొడిగినట్లే భావించాలని సంస్థలు వాదించాయి. ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2015లో ఈ వాదనను తిరస్కరించి, అనివార్య పరిస్థితుల షరతు ప్రాథమిక గడువును పొడిగించదని తీర్పు చెప్పింది. భూయజమానులకు తమ హక్కులు తిరిగి దక్కాయి.

అయితే యజమాని నిర్లక్ష్యానికి కూడా అక్కడ మూల్యం ఉన్నది. ఇండియానా, ఉత్తర డకోటా వంటి రాష్ట్రాలలో 20 సంవత్సరాలపాటు వినియోగించని, నమోదు చేయని ఖనిజ హక్కులు ఉపరితల యజమానికి సంక్రమిస్తాయి. ఇండియానా చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1982లో సమర్థించింది.

భారతదేశంలో యజమాని ప్రభుత్వమే

మన దేశంలో పరిస్థితి వేరు. రాజ్యాంగంలోని 297వ అధికరణం ప్రకారం ప్రాదేశిక జలాలు, ఖండతీరపు అంచు, ప్రత్యేక ఆర్థిక మండలంలో సముద్రం అడుగున ఉన్న ఖనిజాలు కేంద్ర ప్రభుత్వానికి చెందుతాయి. భూభాగంలో రాష్ట్రానికి చెందిన నేల విషయంలో లీజు మంజూరు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. అయితే కేంద్రం ముందస్తు ఆమోదం తప్పనిసరి. చమురు క్షేత్రాల నియంత్రణ, అభివృద్ధిపై శాసనాధికారం కేంద్ర జాబితాలోని 53వ అంశం కింద పార్లమెంటుకు చెందుతుంది. సహజవాయువు కూడా ఈ అంశం పరిధిలోకే వస్తుందని, రాష్ట్రాలకు దానిపై శాసనాధికారం లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2004లో రాష్ట్రపతి నివేదన సందర్భంగా స్పష్టం చేసింది. అంటే భూభాగంలోని చమురుకు యజమాని రాష్ట్రమైనప్పటికీ, లీజు షరతులను, రాయల్టీ రేటును నిర్ణయించేది కేంద్రం.

ఆంధ్ర ప్రాంతంలో ఈ యాజమాన్యానికి చారిత్రక నేపథ్యం ఉన్నది. మద్రాసు ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం, 1948 ప్రకారం జమీందారీ ఎస్టేట్లు గనులు, ఖనిజాలతో సహా ప్రభుత్వానికి సంక్రమించాయి. గోదావరి తీరంలోని పిఠాపురం వంటి పెద్ద జమీందారీలు ఈ చట్టంతోనే అంతరించాయి.

కాగా, భూగర్భ సంపద సమస్తం ప్రభుత్వానిదే అన్న భావన సంపూర్ణ సత్యం కాదని సుప్రీంకోర్టు 2013 జూలైలో కేరళలోని మలబారు భూముల కేసులో పేర్కొనడం గమనార్హం. చట్టబద్ధంగా హక్కును కోల్పోతే తప్ప, భూమి యజమానే అడుగుపొరల ఖనిజాలకూ యజమాని అని ధర్మాసనం తీర్పు ఇచ్చింది. అయితే రాయల్టీ చెల్లింపు బాధ్యతపై ఆ తీర్పు ఏ నిర్ణయమూ ప్రకటించలేదు. యాజమాన్యం ఉన్నంత మాత్రాన లైసెన్సు, లీజు లేకుండా చమురు తీసే హక్కు ఎవరికీ సంక్రమించదన్నది కూడా అధికారులు, పాత్రికేయులు గుర్తుంచుకోవలసిన విషయం.

లైసెన్సు, లీజు, కాంట్రాక్టు: మూడు గడువులు

చమురు రంగ వార్తలలో తరచుగా కలగాపులగమయ్యే మూడు పదాలను విడివిడిగా గ్రహించడం అవసరం. 1959 పెట్రోలియం, సహజవాయువు నిబంధనల కింద అన్వేషణకు లైసెన్సు, ఉత్పత్తికి మైనింగ్ లీజు వేర్వేరుగా ఇచ్చేవారు. అన్వేషణ లైసెన్సు 4 సంవత్సరాలు, ఆపై ఏడాది చొప్పున రెండు పొడిగింపులు. మైనింగ్ లీజు సాధారణంగా 20 సంవత్సరాలు. ఈ రెండింటికీ వెలుపల, ఖర్చులు, లాభాలు, ప్రభుత్వ వాటాను నిర్దేశించే ఉత్పత్తి పంపిణీ ఒప్పందం కేంద్ర ప్రభుత్వానికి, సంస్థకు మధ్య ఉంటుంది. లీజు సజీవంగా ఉండి ఒప్పందం ముగియవచ్చు. ఒప్పందం పొడిగించినా లీజు పునరుద్ధరణ మిగిలి ఉండవచ్చు. ఏ గడువు ముగిసినదో పేర్కొనకుండా గడువు ముగిసినదని మాత్రమే రాసినట్లయితే పాఠకుడు పొరబడే అవకాశం ఉన్నది.

గడువు పూర్తి కాకముందే విస్తీర్ణాన్ని వెనక్కి ఇచ్చే ఏర్పాటు కూడా ఉన్నది. అన్వేషణ ముగిసిన తరువాత సంస్థ తనకు అవసరం లేని ప్రాంతాన్ని వదులుకోవాలి. కృష్ణా-గోదావరి లోతు జలాలలోని కేజీ-డి6 బ్లాకు మొత్తం విస్తీర్ణం 7,645 చదరపు కిలోమీటర్లు కాగా, అందులో 6,198 చదరపు కిలోమీటర్లు వదులుకోవలసిందిగా కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2013 అక్టోబరులో ఆదేశించింది. అమెరికాలో ప్యూ క్లాజు సాధించే ఫలితాన్ని ఇక్కడ ప్రభుత్వ ఆదేశం సాధిస్తుందని చెప్పవచ్చు.

బార్మర్ అనుభవం

గడువు ముగింపు యజమానికి ఎంత బలాన్ని ఇస్తుందో, ఎంత చిక్కును కూడా తెస్తుందో రాజస్థాన్‌లోని బార్మర్ బ్లాకు ఉదంతం తెలుపుతుంది. 1995 మే 15న కుదిరిన 25 సంవత్సరాల ఒప్పందం 2020 మే 14తో ముగిసింది. 2004లో కనుగొన్న మంగళ క్షేత్రం నుంచి 2009 ఆగస్టులో ఉత్పత్తి ఆరంభమైంది. అంటే ఒప్పందకాలంలో సగానికి పైగా ఉత్పత్తి లేకుండానే గడిచిపోయింది. చమురు ఇంకా మిగిలి ఉండగానే గడువు వచ్చిపడింది.

జాతీయ నూతన అన్వేషణ లైసెన్సు విధానానికి పూర్వం కుదిరిన ఒప్పందాల పొడిగింపుపై కేంద్రం 2017లో విధానాన్ని ప్రకటించింది. లాభ పెట్రోలియంలో ప్రభుత్వ వాటాను 10 శాతం అదనంగా ఇవ్వాలన్నది అందులో ప్రధాన షరతు. పాత షరతులతోనే పొడిగింపు తమ హక్కు అని నిర్వహణ సంస్థ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. 2018 మేలో ఏకసభ్య ధర్మాసనం సంస్థకు అనుకూలంగా తీర్పు ఇవ్వగా, 2021 మార్చి 26న ద్విసభ్య ధర్మాసనం దానిని తోసిపుచ్చి ప్రభుత్వ షరతులను సమర్థించింది. తుది పొడిగింపు పత్రంపై 2022 అక్టోబరులో సంతకాలు జరిగాయి. పొడిగింపు 2020 మే 15 నుంచి వర్తిస్తూ 2030 మే 14 వరకు చెల్లుతుంది. గడువు తీరిన నాటి నుంచి సంతకం నాటి వరకు, రెండు సంవత్సరాలకు పైగా, ఉత్పత్తి తాత్కాలిక అనుమతులతోనే సాగింది.

ఈ ఉదంతంలో రాష్ట్రాలు గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. బార్మర్ చమురు భూభాగంలోనిది. దానిపై రాయల్టీ రాజస్థాన్ ప్రభుత్వానికి చెందుతుంది. కాని గడువు ముగింపు వేళ బేరసారాల ద్వారా లభించిన అదనపు 10 శాతం లాభ పెట్రోలియంలోనిది, అది కేంద్రానికి చేరే పద్దు. లాభ పెట్రోలియంలో ఉత్పత్తి రాష్ట్రాలకు సగం వాటా ఇవ్వాలని 12వ ఆర్థిక సంఘం సిఫార్సు చేసినప్పటికీ, అది నూతన అన్వేషణ లైసెన్సు విధానం కింద కేటాయించిన ప్రాంతాలకు సంబంధించినది. బార్మర్ ఒప్పందం అంతకు పూర్వపుది. యజమాని ఒకరు, బేరమాడే అధికారం మరొకరిది అయినప్పుడు ఫలితం ఎటు ప్రవహిస్తుందో దీనినిబట్టి అర్థమవుతుంది.

రవ్వ: 2029 అక్టోబరు

ఆంధ్రప్రదేశ్‌కు సన్నిహితమైన ఉదాహరణ రవ్వ. 1987లో ఓఎన్‌జీసీ కనుగొన్న ఈ క్షేత్రానికి 1994 అక్టోబరు 28న ఉత్పత్తి పంపిణీ ఒప్పందం కుదిరింది. 25 సంవత్సరాల గడువు 2019 అక్టోబరు 27తో ముగియగా, ఒప్పందాన్ని మరో 10 సంవత్సరాలు పొడిగించారు. బావులు సముద్రంలో ఉన్నందున ఇక్కడ యజమాని కేంద్ర ప్రభుత్వం, రాయల్టీ కూడా కేంద్రానికే చేరుతుంది. అయితే చమురును శుద్ధిచేసి నిల్వ ఉంచే కేంద్రం కోనసీమలోని ఎస్.యానాం గ్రామంలో ఉన్నది. పైపులైన్లు ఈ నేల మీదుగానే సాగుతాయి, ఉపాధి ఇక్కడి యువతది, ప్రమాదం సంభవిస్తే ప్రభావం ఇక్కడి ప్రజలపైనే.

కనుక 2029లో ఒప్పందం మరల పొడిగించినా, క్షేత్రాన్ని వేరొకరికి అప్పగించినా, ఉత్పత్తి ముగించినా రాష్ట్రానికి ప్రమేయం ఉంటుంది. మూడవ సందర్భం మరింత ముఖ్యమైనది. బావులను శాశ్వతంగా మూసివేయడం, వేదికలను తొలగించడం, తీరంలోని స్థలాన్ని పూర్వస్థితికి తేవడం భారీ వ్యయంతో కూడిన పనులు. ఇందుకోసం ఉత్పత్తి జరుగుతున్న కాలంలోనే నిధిని జమచేసే ఏర్పాటును 1999 నాటి స్థల పునరుద్ధరణ నిధి పథకం కల్పించింది. గడువు దగ్గరపడిన క్షేత్రాల విషయంలో ఈ నిధి సమర్ధత ముందుగా పరిశీలించదగిన అంశం.

2025 సవరణ: తేదీ స్థానంలో జీవితకాలం

చమురు క్షేత్రాల నియంత్రణ, అభివృద్ధి చట్టం, 1948ని సవరించే బిల్లును రాజ్యసభ 2024 డిసెంబరు 3న, లోక్‌సభ 2025 మార్చి 12న ఆమోదించాయి. మైనింగ్ లీజు స్థానంలో పెట్రోలియం లీజు అనే భావన వచ్చింది. షేల్ చమురు, బొగ్గుపొరల మీథేన్, గ్యాస్ హైడ్రేట్లు ఖనిజ తైలాల నిర్వచనంలో చేరాయి. పూర్వపు 6 నెలల జైలు, 1,000 రూపాయల జరిమానా స్థానంలో 25 లక్షల రూపాయల జరిమానా, ఉల్లంఘన కొనసాగితే రోజుకు 10 లక్షల వరకు అదనపు జరిమానా విధించే వీలు కలిగింది. ఇదివరకు మంజూరైన లీజులకు రక్షణ కల్పించారు.

2025 డిసెంబరులో వెలువడిన నూతన నిబంధనలు లీజు గరిష్ఠ కాలాన్ని 30 సంవత్సరాలకు పెంచి, క్షేత్రపు ఆర్థిక జీవితకాలం వరకు పొడిగించే వీలును కల్పించాయి. పెట్టుబడి భారీగా, ఫలితం ఆలస్యంగా ఉండే రంగంలో ఈ స్థిరత్వం అవసరమని కేంద్ర ప్రభుత్వ ఉద్దేశం. బార్మర్‌లో చోటుచేసుకున్న రెండేళ్ల సందిగ్ధం వంటివి మరల తలెత్తకుండా నివారించేందుకు ఇది తోడ్పడుతుందనడంలో సందేహం లేదు.

అయితే యజమాని దృష్టితో చూసినప్పుడు దీనికి మరొక పార్శ్వం ఉన్నది. 20 సంవత్సరాలకు ఒకసారి వచ్చే పునరుద్ధరణ, షరతులను సమీక్షించుకొనే సందర్భం కూడా. ఆర్థిక జీవితకాలం అన్న ప్రమాణం, అమెరికా లీజులలోని గిట్టుబాటు ఉత్పత్తి ఉన్నంత కాలం అన్న ప్రమాణానికి దగ్గరి బంధువు. కనుక అక్కడ న్యాయస్థానాలకు ఎక్కిన ప్రశ్నలే ఇక్కడా ఉదయించే అవకాశం ఉన్నది. ఏ బావి గిట్టుబాటు, దానిని లెక్కగట్టేది ఎవరు, నామమాత్రపు ఉత్పత్తితో విశాల ప్రాంతాన్ని అట్టిపెట్టుకుంటే ఏమి చేయాలి అన్నవి వాటిలో ప్రధానమైనవి. తేదీ చూసి మేల్కొనే యజమాని స్థానంలో ఏటా ఉత్పత్తి లెక్కలు చూసే యజమాని అవసరమవుతాడు.

బావి చుట్టూ ఉన్న గ్రామం

రాజోలు, పాశర్లపూడి, తాటిపాక, మోరి, నరసాపురం, లింగాల వంటి పేర్లు చమురు పటంలోనే కాదు, వరి, కొబ్బరి పండించే రైతుల జీవితంలోనూ ఉన్నవి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగసిన మంటలు 65 రోజుల తరువాత గాని ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలుడు అనేకమంది ప్రాణాలను బలిగొన్నది.

ఈ రైతు ఖనిజానికి యజమాని కాడు. బావి కోసం తీసుకున్న భూమికి పరిహారం లభిస్తుంది. పైపులైన్ వేసినట్లయితే 1962 చట్టం ప్రకారం పంట నష్టంతోపాటు భూమి మార్కెట్ విలువలో 10 శాతం లభిస్తుంది. టెక్సాస్ రైతు వలె ఉత్పత్తిలో వాటా మాత్రం ఉండదు. బొగ్గు, ఇనుప ఖనిజం వంటి వాటి విషయంలో 2015 సవరణ ద్వారా ప్రభావిత ప్రాంతాలకు జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. అయితే గనులు, ఖనిజాల చట్టం ఖనిజ తైలాలను తన పరిధి నుంచి మినహాయించినందున, చమురు గ్రామాలకు ఆ నిధి వర్తించదు. కంపెనీల సామాజిక బాధ్యత వ్యయం, రాష్ట్రానికి వచ్చే రాయల్టీ నుంచి ప్రభుత్వం చేసే ఖర్చు మాత్రమే వారికి చేరే మార్గాలు.

పరిశీలించవలసిన అంశాలు

ఈ విశ్లేషణ నుంచి కొన్ని ఆచరణాత్మక అంశాలు స్పష్టమవుతున్నవి. మొదటిది, జిల్లాలో అమలులో ఉన్న ప్రతి లీజుకు మంజూరు తేదీ, విస్తీర్ణం, గడువు, ఉత్పత్తి స్థితి ఒకే పట్టికలో రెవెన్యూ, గనుల శాఖల వద్ద ఉండాలి. రెండవది, గడువుకు తగినంత ముందుగానే రాష్ట్రం తన అభిప్రాయాన్ని సిద్ధం చేసుకోవాలి. గడువు తీరిన తరువాత చేసే బేరం ఉత్పత్తి నిలిచిపోతుందన్న ఒత్తిడిలో సాగుతుంది. మూడవది, ఉత్పత్తి లేని విస్తీర్ణాన్ని వెనక్కి తీసుకొనే అధికారం కాగితానికి పరిమితం కారాదు. ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా వదులుకున్న చిన్న క్షేత్రాలను 2016లో వేలానికి పెట్టడం ఈ దిశలో ఒక అనుభవం. నాలుగవది, బావి మూసివేత, స్థల పునరుద్ధరణ పనులు లీజు ముగింపుతో సమానంగా పరిగణించబడాలి.

కౌలు పత్రంలో గడువు గడి ఖాళీగా వదిలే రైతు గోదావరి జిల్లాలలో ఉండడు. పొలం తిరిగి వచ్చేటప్పుడు గట్లు సరిగా ఉన్నాయో లేదో కూడా అతడు చూసుకుంటాడు. భూగర్భ సంపద విషయంలో ప్రజల తరఫున యజమానిగా ఉన్న ప్రభుత్వాలకు సైతం ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.